పెలెలియు ఒక్కరోజు యుద్ధక్షేత్ర పర్యటన: డబ్బుకు తగినదే, చూపించే వరుసే మార్చాలి

పలావు దేశంలోని కోరోర్ పట్నం నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే పెలెలియు దీవి ‘ల్యాండ్ టూర్’ను అక్కడ పడవలు నడిపే సంస్థలు చాలానే అమ్ముతాయి. పేర్లు వేరైనా సరుకు దాదాపు ఒకటే: ఒక స్పీడ్‌బోటు, దీవిలో తిప్పడానికి ఒక వ్యాను, ఒక గైడు, మధ్యాహ్నానికి బెంతో (జపాన్ తరహా భోజనం) డబ్బా, పది పన్నెండు చోట్ల ఆగడం. కాబట్టి ఈ సమీక్ష ఫలానా సంస్థ గురించి కాకుండా ఆ పర్యటన గురించే. రెండో ప్రపంచయుద్ధం మీద కాస్త ఆసక్తి ఉన్నా సరే, పలావు దాకా వెళ్లినవాళ్లు దీన్ని వదులుకోకూడదు. ఇంత చిన్న నేల మీద ఇన్ని బంకర్లు, గుహలు, ఫిరంగులు ఉన్నచోటనే ఉండిపోయిన దీవులు పసిఫిక్‌లో చాలా తక్కువ. చిక్కల్లా వాటిని చూపించే వరుసతోనే. మామూలుగా తిప్పే దారిలో తిరిగితే తుప్పుపట్టిన సామాన్లు చూసినట్టు ఉంటుంది గానీ, అక్కడ జరిగిందేమిటో బోధపడదు. ముందురోజే మాట్లాడుకుని ఆ దారి మార్పించుకుంటే అదే డబ్బుకి రెట్టింపు ఫలితం ఉంటుంది.

వరుస ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ముందు యుద్ధం సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకోవాలి. 1944 సెప్టెంబరు 15న అమెరికా ఒకటో మెరైన్ డివిజన్ దీవి నైరుతి తీరాన దిగింది. ఫిలిప్పీన్స్ మీదికి వెళ్లబోయే అమెరికన్ జనరల్ మెకార్థర్ సేనకు పక్కనుంచి ముప్పు లేకుండా ఇక్కడి విమానాశ్రయాన్ని పట్టుకోవాలన్నది ఉద్దేశం. దాడికి రెండు మూడు రోజుల ముందే అడ్మిరల్ హాల్సీ ఈ దండయాత్ర అక్కర్లేదని సలహా ఇచ్చినా, నౌకలు అప్పటికే దారిలో ఉన్నాయి, పసిఫిక్ నౌకాదళ అధిపతి నిమిట్జ్ ఆపలేదు. కొద్ది రోజుల్లో ముగిసిపోతుందని డివిజన్ అధిపతి రూపర్టస్ అనుకున్నాడు. ముగిసినట్టు ప్రకటించేసరికి నవంబరు 27 వచ్చింది. జపాన్ తరఫున దీవిని కాచిన కల్నల్ కునియో నకగావా అంతకుముందు దీవుల్లో జపాన్ సేన చేసినట్టు ఒడ్డునే ప్రాణాలన్నీ ఒడ్డలేదు. తీరంలో కొన్ని గట్టి స్థావరాలు మాత్రం ఉంచి, అసలు బలగాన్ని లోపలి ఉముర్‌బ్రోగోల్ గుట్టల్లో, దాదాపు 500 గుహల్లో దాచాడు. ఆయన కింద ఉన్న 10,900 మందిలో ప్రాణాలతో పట్టుబడింది 202 మంది, వాళ్లలోనూ ఎక్కువమంది కూలిపనికి తెచ్చిన కొరియన్లే. అమెరికా వైపు చనిపోయింది సుమారు 1,800 మంది.

అంటే పోరు నైరుతి తీరంలో మొదలై, విమానాశ్రయం దాటి, గుట్టల్లో రెండు నెలలు ఇరుక్కుపోయింది. కోరోర్ నుంచి వచ్చే పడవలు ఆగేది మాత్రం దీవి ఉత్తర కొసన. అందుకని మామూలు పర్యటన రేవు పక్కనే ఉన్న పెద్ద గుహతో మొదలవుతుంది. తర్వాత మ్యూజియం, తర్వాత ఫిరంగి, ట్యాంకు, భోజనం. తీరానికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది, ఎండకు అందరూ వాడిపోయి ఉంటారు, గైడు కన్ను గడియారం మీద ఉంటుంది. పుస్తకాన్ని చివరి పేజీ నుంచి వెనక్కి చదివినట్టే ఇది. దీవి పొడవు పది కిలోమీటర్లే. పడవ దిగగానే ఎక్కడా ఆగకుండా వ్యాన్‌లో దక్షిణానికి పోయి, మెరైన్లు దిగిన ఆరెంజ్ బీచ్ దగ్గర మొదలుపెట్టి, ఉత్తరానికి చూసుకుంటూ రావాలి. రేవు దగ్గరి గుహ చివర్లో వస్తుంది, అక్కణ్నుంచి పడవ రెండడుగులు. గైడుకు దీనివల్ల అదనపు ఖర్చేమీ లేదు, ఒకసారి ఖాళీగా నడపడమే. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అదే రోజు వచ్చిన మిగతా వ్యాన్లకు ఎదురు దిశలో తిరుగుతారు కాబట్టి గుంపు బాధ కూడా తప్పుతుంది.

కొనేముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పెలెలియు రాష్ట్రానికి విడిగా పర్మిట్ ఉంటుంది, కోరోర్ రాష్ట్రానికి చెందిన రాక్ ఐలాండ్స్ (సున్నపురాతి చిన్న దీవులు) పర్మిట్ వేరు. పడవ ఆ రాక్ ఐలాండ్స్ మధ్య నుంచే వెళ్తుంది. దారిలో ఎక్కడైనా దిగుతారా, స్నార్కెలింగ్ కలిపారా అన్నదాన్ని బట్టి రెండూ కావాల్సి రావచ్చు. చెప్పిన ధరలో ఏ పర్మిట్ కలిసింది, ఏది కలవలేదు అన్నది ముందే తేల్చుకోండి. ప్రకటనలో తక్కువ ధర చూపించి పడవ ఎక్కే దగ్గర పర్మిట్ల లెక్క చెప్పే పద్ధతి మామూలే. 2018 నుంచి అమల్లో ఉన్న 100 డాలర్ల పర్యావరణ రుసుము దేశంలోకి వచ్చే విమాన టికెట్లోనే కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ ఎవరికీ కట్టక్కర్లేదు. చెల్లింపులన్నీ అమెరికన్ డాలర్లలోనే. పెలెలియులో కార్డు మీద ఆధారపడకుండా చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి.

పడవ ప్రయాణం సుమారు గంట. పగడపు దిబ్బల లోపలి నీళ్లలోనే చాలావరకు సాగుతుంది, ముందు భాగం అందంగా, నిదానంగా ఉంటుంది. దక్షిణాన రాక్ ఐలాండ్స్ నీడ దాటాక గాలికి అడ్డు ఉండదు, చివరి భాగంలో పడవ ఎగిరెగిరి పడుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు వెనక వరుసలో కూర్చోవాలి, ముందు వరుసలో దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. కెమెరాకు నీళ్లు చొరని సంచి తప్పనిసరి. ఆటు సమయంలో లోతు తక్కువ చోట్ల పడవ చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తుంది, అందువల్ల తిరుగు ప్రయాణం వేళ నీటిని బట్టి ముందుకో వెనక్కో జరుగుతుంది. మీకు అదే రాత్రి విమానం ఉంటే ఈ పర్యటన పెట్టుకోకండి. పెలెలియు రాష్ట్ర ప్రభుత్వం నడిపే పెద్ద పడవ కూడా ఉంది, చౌక, కానీ వారంలో కొన్ని రోజులే. దాన్ని ఎక్కితే రాత్రి దీవిలో ఉండాల్సిందే. నిజానికి అదే మేలు, ఆ సంగతి తర్వాత.

ఆరెంజ్ బీచ్‌లో ఇప్పుడు పెద్దగా చూసేందుకు ఏమీ ఉండదు. అయినా ఇక్కడే మొదలుపెట్టమనడానికి కారణం, నీళ్లలో నిలబడి దీవి వైపు తిరిగి చూడటం. ఒడ్డుకు, బయటి పగడపు గట్టుకు మధ్య చాలా దూరం మోకాలి లోతు నీళ్లే. మామూలు దింపుడు పడవలు గట్టు దాటలేవు కాబట్టి గొలుసు పట్టాల మీద నడిచే ఎల్‌వీటీలే సైనికుల్ని ఒడ్డుకు చేర్చాలి. ఆ వాహనాలు మెల్లగా వస్తుంటే కుడి నుంచి, ఎడమ నుంచి ఒకేసారి ఫిరంగులు కొట్టాయి. ఆ రెండు వైపులూ ఎక్కడో గైడు వేలు పెట్టి చూపించాలి. ఎడమన, ఉత్తరంగా, మెరైన్లు దిగిన మరో తీరమైన వైట్ బీచ్ చివర పొడుచుకొచ్చిన రాతి ముక్కు. కుడివైపున దక్షిణపు చిన్న కొస, దాని పక్క లంక. మంచి గైడును పట్టుకోడానికి ఇదే పరీక్ష: ఏ రెజిమెంటు ఏ బీచ్‌లో దిగిందో అడగండి. ఒకటో రెజిమెంటు వైట్ బీచ్‌ల మీద, ఐదోది మధ్యలో, ఏడోది దక్షిణపు చివర అని తడుముకోకుండా చెప్పినవాడితో రోజంతా హాయిగా తిరగొచ్చు. ‘ఇక్కడ మెరైన్లు దిగారు’ అని ఊరుకున్నవాడికి మీరే ప్రశ్నలు వేయాలి.

ఆ రాతి ముక్కునే ‘ద పాయింట్’ అంటారు. మామూలు పర్యటనల్లో దీన్ని సగం మంది వదిలేస్తారు. వ్యాను అక్కడిదాకా పోదు, కొంత దూరం నడవాలి, నేలంతా కత్తుల్లాంటి పగడపు రాయి. దీన్ని వదిలేసే పర్యటనకు డబ్బు కట్టొద్దని గట్టిగా చెప్తాను. దీవి మొత్తంలో మిగిలిన తీరరక్షణ కట్టడాల్లో దీనంత బాగా తన కథ తానే చెప్పేది మరోటి లేదు. మూడు రోజులు యుద్ధనౌకలు దీవిని కొట్టి, కొట్టడానికి ఇంకేమీ మిగల్లేదని అడ్మిరల్ ఓల్డెన్‌డార్ఫ్ అన్నాక కూడా ఈ ముక్కు మీది ఐదు కాంక్రీటు పిల్‌బాక్సులు (కన్నాల్లోంచి కాల్చే చిన్న రక్షణ గదులు) చెక్కుచెదరలేదు. ఎందుకో దగ్గరికి వెళ్తే తెలుస్తుంది. అవి రాయి మీద కట్టినవి కావు, రాయిని తొలిచి అందులో దూర్చినవి. పైకప్పు మీద పగడపు రాళ్లే పేర్చారు, సముద్రం వైపు నుంచి చూస్తే ఏది రాయో ఏది గోడో పోల్చుకోలేం. ఫిరంగి కన్నం ముందు కూర్చుని లోపలి నుంచి బయటికి చూడండి. కనిపించేది ఎదురుగా ఉన్న సముద్రం కాదు, పక్కనున్న బీచ్ మొత్తం, పొడవునా. దిగేవాళ్లను ఎదురుగా కాకుండా పక్కనుంచి కొట్టడానికే దాన్ని అలా తిప్పి పెట్టారు. ఓడల మీది గుండ్లు నేరుగా ఆ కన్నంలోకి రావడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే కన్నం ఓడల వైపు లేదు.

దీన్ని పట్టుకున్న తీరు కూడా అక్కడే నిలబడి వినాలి. కెప్టెన్ జార్జ్ హంట్ కంపెనీ ముందు నుంచి రాకుండా చుట్టూ తిరిగి లోపలి వైపు నుంచి దాడి చేసింది. 47 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న పిల్‌బాక్సు దగ్గర పొగ గ్రెనేడ్ వేసి కళ్లు కప్పి, రైఫిల్ గ్రెనేడ్ ఒకటి కన్నంలోంచి కొట్టారు. అది ఫిరంగికి తగిలి లోపలి మందుగుండు అంటుకుంది. ఆ తర్వాత 30 గంటల పాటు మిగతా సైన్యంతో సంబంధం తెగిపోయి ఎదురుదాడులు కాచుకున్నారు. 235 మందిలో చివరికి నిలబడింది 78 మంది. ఇదంతా జరిగిన జాగా ఎంత ఇరుకో కళ్లతో చూస్తే తప్ప ఊహకందదు. పోటు సమయంలో వెళ్తే ముక్కు కింది భాగం నీళ్లలో ఉంటుంది, కాబట్టి ఆటు వేళకు సరిపెట్టుకోమని గైడుకు చెప్పండి.

కట్టడాల పరిస్థితి బాగాలేదు, ముఖ్యంగా తీరంలో. జపాన్ ఇంజినీర్లకు నదీ ఇసుక, గట్టి కంకర దొరకలేదు, దొరికిన పగడపు కంకరతోనే కాంక్రీటు కలిపారు. అందులో ఉప్పు మొదటి నుంచే ఉంది, పైగా రోజూ ఉప్పుగాలి. లోపలి ఊచలకు తుప్పు పడితే తుప్పు ఉబ్బుతుంది, ఉబ్బితే కాంక్రీటు పెచ్చులూడుతుంది, ఊడిన చోట నుంచి ఇంకా తేమ చొరబడుతుంది. పైకప్పుల అంచుల్లో వేలాడుతున్న ఊచలు అందువల్లే. కొన్నిచోట్ల మర్రిజాతి చెట్ల వేళ్లు గోడలను చీలుస్తున్నాయి, మరికొన్ని చోట్ల అవే వేళ్లు గోడలను పట్టి ఉంచుతున్నాయి, నరికితే కట్టడం కూలుతుంది. ఈ యుద్ధక్షేత్రాన్ని అమెరికా 1985లో నేషనల్ హిస్టారిక్ లాండ్‌మార్క్‌గా గుర్తించింది. అయితే గుర్తింపు తుప్పును ఆపదు. పిల్‌బాక్సుల మీదికెక్కి ఫొటోలు దిగనిచ్చే గైడు కనిపిస్తే అక్కడే వద్దనండి.

విమానాశ్రయం దగ్గర ఆగే చోట్లు మూడు నాలుగు. రన్‌వే ఇప్పటికీ ఉంది, కొట్టిన పగడపు మట్టితో తెల్లగా. దాని నడుమ నిలబడితే ఉత్తరంగా గుట్టలు, పడమరగా బీచ్ ఒకేసారి కనిపిస్తాయి. రెండోరోజు మెరైన్లు ఈ బట్టబయలు నేల మీదుగా గుట్టల మీది ఫిరంగుల ఎదుట పరుగెత్తారు. అప్పుడు ఎండ 46 డిగ్రీల దాకా పోయింది. తాగునీళ్లను ఇంధనపు పీపాలు సరిగా కడక్కుండానే నింపి పంపడంతో ఆ నీళ్లు తాగినవాళ్లు కడుపునొప్పితో పడిపోయారు. ఇదంతా వ్యాన్ ఏసీలో కూర్చుని వినేస్తే లాభం లేదు, దిగి పది నిమిషాలు ఎండలో నిలబడాలి.

పక్కనే అడవిలో జపాన్ విమానదళ కార్యాలయం, రెండంతస్తుల దళసరి కాంక్రీటు భవనం. నౌకాఫిరంగుల గుండ్లు పైకప్పును తొలిచిన కన్నాల్లోంచి ఇప్పుడు తీగలు దిగుతున్నాయి. ఇనుప తలుపులు, కిటికీ రెక్కలు కొన్ని చోట్ల మిగిలాయి. ఇది ఫొటోలకు అందరికీ నచ్చే చోటు, అందుకని పర్యటనల్లో దీనికి ఎక్కువ సమయం ఇస్తారు. పావుగంట చాలు. పై అంతస్తు నేల మెత్తబడి ఉంది, లోపలికి పోవడం తెలివైన పని కాదు.

టైప్ 95 హా-గో ట్యాంకు మాత్రం ఆగి చూడదగ్గది. బరువు 7.4 టన్నులు, ముగ్గురు మనుషులు, 37 మిల్లీమీటర్ల ఫిరంగి, కవచం ఎక్కడా 12 మిల్లీమీటర్లు దాటదు. దాడి మొదలైన రోజు సాయంత్రం ఇలాంటివి పదికి పైగా రన్‌వే మీదుగా ఎదురుదాడికి దూసుకొచ్చాయి. అమెరికన్ షెర్మన్ ట్యాంకుల కవచభేది గుండ్లు వీటి ఒక పక్క నుంచి దూరి పేలకుండానే రెండో పక్క బయటపడ్డాయి, దాంతో మామూలు పేలుడు గుండ్లకు మారాల్సి వచ్చింది. కవచం అంచు తుప్పుపట్టి పొరలు లేచినచోట దాని మందం కంటికి కనిపిస్తుంది. ముట్టుకోకుండా పక్కనుంచి చూడండి, ఆ పొరలు వేలితో తాకితే ఊడి వస్తాయి. దారిలో ఎల్‌వీటీ కూడా ఉంది. రోడ్డుకు దూరంగా పొదల్లో జపాన్ జీరో యుద్ధవిమానం ముక్కలున్నాయి. జీరో రేకు డ్యురాలుమిన్ అనే అల్యూమినియం మిశ్రమలోహం, ఎర్రగా తుప్పుపట్టదు. ఉప్పుగాలికి లోపల్నుంచి పొరలు విడి బూడిదలా రాలుతుంది, అందుకని రెక్కల మీద చెయ్యి వేయడం ట్యాంకును తాకడం కంటే ఎక్కువ హాని. సమయం తక్కువైతే ఈ విమానాన్ని వదిలేయొచ్చు.

వదలకూడనివి గుట్టలు. ఉముర్‌బ్రోగోల్ ఎత్తు తక్కువే, ఎక్కడా వంద మీటర్లు ఉండదు. దాడికి ముందు విమానాల నుంచి తీసిన ఫొటోల్లో అడవి కప్పేసి ఉండటంతో ఇదో మామూలు ఎత్తు అనుకున్నారు. చెట్లు కాలిపోయాకే తెలిసింది, లోపలంతా నిట్టనిలువు గోడలు, ఇరుకు లోయలు, కుప్పకూలిన రాళ్లు. పగడపు రాయిలో కందకం తవ్వలేరు. గుండు పడితే గుండు ముక్కలకు తోడు రాతి ముక్కలు కూడా మనుషుల్ని చీల్చేవి. కల్నల్ పులర్ ఒకటో రెజిమెంటు వారం రోజుల్లో సగానికి పైగా మనుషుల్ని చనిపోవడం వల్లో గాయాల వల్లో పోగొట్టుకుంది. తర్వాత వచ్చిన అమెరికా ఆర్మీ 81వ డివిజన్ సైనికులు ఇసుక మూటలు పైకి మోసుకెళ్లి, వాటిని కొంచెం కొంచెంగా ముందుకు తోసుకుంటూ వాటి చాటున జరిగారు. విమానాశ్రయం నుంచి లేచిన అమెరికన్ కోర్సెయిర్ యుద్ధవిమానాలు నాపామ్ అనే నిప్పుబాంబులు వేసి దిగడానికి పట్టే దూరం ఎంత తక్కువంటే పైలట్లు చక్రాలు లోపలికి ముడవనేలేదు. మెట్లెక్కి పై స్మారకం దగ్గర నిలబడి వెనక్కి చూడండి, రన్‌వే అంత దగ్గరగా ఉంటుంది. ఈ ఒక్క చూపు కోసం మెట్లెక్కాలి. నిటారుగా ఉంటాయి, వానకు జారతాయి, పట్టుకునేది ఉన్నచోట పట్టుకునే ఎక్కండి.

కింద లోయలో మెరైన్ల స్మారకం, ఆపైన నకగావా చివరి స్థావరమైన గుహ. నవంబరు 24 రాత్రి ఆయన అక్కడే ప్రాణం తీసుకున్నాడు. ఆ గుహ దాకా దారి కష్టం. చాలా పర్యటనలు దూరం నుంచే చూపిస్తాయి, అందులో తప్పులేదు. పోరాటం ముగిసిందన్నాక కూడా గుహల్లో ఉండిపోయిన 34 మంది జపాన్ సైనికులు 1947 ఏప్రిల్‌లో గానీ లొంగలేదు. ఇప్పటికీ రెండు వేలకు పైగా జపాన్ సైనికుల అవశేషాలు దీవిలో దొరకాల్సి ఉన్నాయి, జపాన్ బృందాలు వెతుకుతూనే ఉన్నాయి. గుహలో ఎముక లాంటిది కంటపడితే ఫొటో తీయకుండా, కదపకుండా గైడుకు చెప్పాలి. ఈ మాట ముందే చెప్పే గైడు మంచి గైడు.

గుట్టల ఉత్తరపు వైపు గుహలో 20 సెంటీమీటర్ల పొట్టి నౌకాఫిరంగి ఉంది. దీన్ని చూడ్డానికి ఎక్కే దారి చిన్నదే. గొట్టం ముందు నుంచి కాకుండా పక్కనుంచి చూస్తే దాన్ని గుహ నోట్లో ఎంత ఇరుగ్గా బిగించారో, ఎంత తక్కువ కోణంలోనే తిరిగేదో అర్థమవుతుంది. బయటి నుంచి దెబ్బ తగలకూడదని అంత ఇరుకులో పెట్టారు. అందుకు బదులుగా అది కొట్టగలిగే దిక్కులు తగ్గిపోయాయి.

రేవు దగ్గరి ‘వెయ్యిమంది గుహ’ను చివరికి ఉంచుకోమన్నది ఇందుకే. గుట్టల్లో చూసినవి సైన్యం తవ్విన చిన్న గుహలు, పోరాటానికి. ఇది జపాన్ నావికాదళపు సొరంగ నిర్మాణ దళం తవ్విన పెద్ద గుహ, మనుషులు ఉండటానికి, బాంబుల నుంచి తప్పించుకోవడానికి. రెండింటికీ తేడా అప్పుడే తెలుస్తుంది. పొడవాటి సొరంగాలు, అడ్డంగా కలిసే కొమ్మలు, బయటికి చాలా నోళ్లు. ఒక నోట్లో పేలుడు జరిగినా గాలి ఒత్తిడి నేరుగా లోపలికి రాకుండా దారులు మలుపు తిరుగుతాయి. టార్చి గోడకు వారగా పట్టుకుంటే గడ్డపార దెబ్బలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. కొన్నిచోట్ల మంటలు మిగిల్చిన మసి ఇప్పటికీ రాయికి అంటుకుని ఉంది. నేల మీద సీసాలు, పింగాణీ ముక్కలు, తుప్పుపట్టిన డబ్బాలు. వీటిని ఎవరో వరుసగా పేర్చి పెట్టారు, ఫొటోకు బాగుంటుందని. అది సరైన పని కాదు, ఏ వస్తువు ఎక్కడ ఉందన్నదే దాని విలువ. సంస్థ ఇచ్చే టార్చీలు చాలావరకు బలహీనం, ఇద్దరికి ఒకటి. తలకు కట్టుకునే దీపం మీదే తెచ్చుకోండి, చేతులు ఖాళీగా ఉండాలి. లోపల పైకప్పు చాలాచోట్ల తలకు తగులుతుంది.

మ్యూజియం చిన్నది, జపాన్ కాలపు దళసరి గోడల కట్టడంలోనే ఉంది. రెండు వైపుల సైనికుల కుటుంబాలు ఇచ్చిన ఉత్తరాలు, ఫొటోలు, సామాన్లు ఉన్నాయి. మామూలు పర్యటన ఇక్కడ పదిహేను నిమిషాలు ఇస్తుంది, నలభై అడగండి. దక్షిణ కొసన జపాన్ ప్రభుత్వం 1985లో కట్టిన స్మారకం దగ్గర 2015 ఏప్రిల్‌లో అకిహితో చక్రవర్తి నివాళులర్పించాడు, సముద్రపు గాలి హోరు తప్ప వేరే చప్పుడు ఉండదు. ఈత గుంట, హనీమూన్ బీచ్ లాంటివి కూడా జాబితాలో ఉంటాయి. పిల్లలు ఉంటే సరే, లేకపోతే ఆ సమయం ద పాయింట్‌కు ఇవ్వమనండి. దాడికి ముందే జపాన్ వాళ్లు పెలెలియు జనాన్ని ఉత్తరాన బాబెల్‌దావబ్ దీవికి తరలించడంతో స్థానికులు ఈ పోరులో చిక్కుకోలేదు. తిరిగొచ్చినప్పుడు మాత్రం ఊళ్లు, పొలాలు గుర్తుపట్టలేకుండా పోయాయి. ఈ భాగం చెప్పే గైడ్లు తక్కువ, అడిగితే వాళ్ల ఇళ్లలో విన్నది చెప్తారు, అది ఏ బోర్డు మీదా ఉండదు.

భద్రత విషయంలో ఈ పర్యటనల్లో తేడాలు ఎక్కువ. పేలని మందుగుండు తీసే పని 2009 నుంచి సాగుతున్నా ఇంకా పూర్తి కాలేదు, ఈ నేలలో ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేం. ఎప్పటికప్పుడు పగడపు రాయిలోంచి కొత్తవి బయటపడతాయి. జపాన్ గుండ్లలో చాలావాటిలో పిక్రిక్ ఆమ్లం అనే పేలుడు పదార్థం ఉంటుంది. అది లోహంతో కలిసి ఏళ్లు గడిచేకొద్దీ మొదటికంటే సున్నితమైన లవణాలుగా మారుతుంది, కదిలిస్తే చాలు. పసుపు పచ్చని పొడి గానీ కారిన మరక గానీ కనిపిస్తే వెనక్కి రండి. అమెరికన్ గుండ్లలో తెల్ల భాస్వరం ఉన్నవి పగిలితే గాలి తగలగానే అంటుకుంటాయి. కాబట్టి దారి వదిలి అడుగు కూడా వేయొద్దు. మూత్రానికైనా గైడును అడిగే పక్కకు వెళ్లాలి. ఏ గైడైనా తూటా గానీ గుండు గానీ చేతిలోకి తీసి చూపిస్తే అది అనుభవం అనుకోకండి. ఇక్కణ్నుంచి ఏ వస్తువైనా, చివరికి తుప్పు ముక్కైనా తీసుకెళ్లడం చట్టరీత్యా నేరం.

బూట్ల అడుగు దళసరిగా ఉండాలి, చెప్పులతో వచ్చినవాళ్లను గుట్టల దగ్గర వ్యాన్‌లోనే ఉంచేస్తారు, అదే న్యాయం. పగడపు రాయి గీరుకుంటే చిన్న గాయమైనా త్వరగా చీము పడుతుంది, శుభ్రమైన నీళ్లతో కడిగి అయోడిన్ రాసుకోవాలి. పర్యటనలో ఇచ్చేది ఒకటి రెండు చిన్న సీసాల నీళ్లు, మనిషికి మూడు లీటర్లు కావాలి, కోరోర్‌లోనే కొనుక్కోండి. 2020 నుంచి పలావులో పగడాలకు హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్ నిషిద్ధం. దానికి బదులు పొడుగు చేతుల చొక్కా, టోపీ తేలిక. దోమల మందు మరవకండి, గుహల నోళ్ల దగ్గర అవి కాచుకుని ఉంటాయి.

ఒక్కరోజు పర్యటనకు దీవిలో దొరికేది ఐదారు గంటలే. ఆరెంజ్ బీచ్, ద పాయింట్, రన్‌వే, గుట్ట మెట్లు, పెద్ద గుహ, మ్యూజియం, ఇవి ఆరూ సరిగా చూడ్డానికి ఆ గంటలు చాలు, మిగతావి వదిలేస్తే. అన్నీ కావాలనుకుంటే దీవిలో ఉన్న చిన్న గెస్ట్‌హౌసుల్లో ఒక రాత్రి ఉండండి. గుట్టలు పొద్దున ఎనిమిదిలోపు ఎక్కొచ్చు, సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి, దక్షిణపు తీరాన్ని ఆటు వేళకు సరిపెట్టుకోవచ్చు. మందుగుండు ప్రమాదం వల్ల గుహలకు, పొదల్లోని దారులకు మాత్రం సైకిల్ మీద ఒంటరిగా పోకుండా గైడును సగం రోజుకి మాట్లాడుకోండి. గైడు రుసుమును, వ్యాన్ అద్దెను విడివిడిగా రాసివ్వమనండి, ఎందుకంటే ఇద్దరు ముగ్గురే వెళ్తే మనిషికి పడే ఖర్చు వ్యాన్ వల్లే పెరుగుతుంది. అదే రోజు వచ్చే ఇంకొకరితో వ్యాన్ పంచుకునే వీలుందేమో పడవ మాట్లాడుకునేటప్పుడే అడిగితే వాళ్లే కుదురుస్తారు.